చెరువులో నిలిచిన పేరు

మన పూర్వులు మనిషికి ఏడు సంతానాలు చెప్పారు. కొడుకు ఒక సంతానం. తక్కిన ఆరూ చెరువు, కావ్యం, నిధి, దేవాలయం, వనం, అగ్రహారం. మనిషి గతించిన తరువాత అతని పేరును నలుగురి నోట నిలిపేది ఏదైనా సంతానమేనన్నది దీని అంతరార్థం. కడుపున పుట్టిన కొడుకుతో సమానంగా మట్టిలో తవ్విన చెరువును కూర్చోబెట్టిన జాతి మనది.

అయితే ఈ ఏడింటిలో ఏది ఎక్కువకాలం పేరు నిలుపుతుంది? వంశాలు అంతరిస్తాయి. నిధులు దొంగల పాలవుతాయి. వనాలు కట్టెలవుతాయి. అగ్రహారాలు చేతులు మారతాయి. మిగిలేవి గుడి, చెరువు, కావ్యం. వీటిలో ఏది గెలుస్తుందో చెప్పడం పండితులకు కూడా కష్టమే. జంషెడ్‌పూర్‌కు నైరుతిగా, జార్ఖండ్, ఒడిశాల సరిహద్దులో బెనీసాగర్ అనే పల్లె ఉంది. ఆ పల్లెలో ఈ పందెం కనీసం పధ్నాలుగు వందల ఏళ్ళుగా సాగుతున్నది. దాని ఫలితం నేననుకున్నట్లు లేదు గనుకనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఉక్కు ఊరు

జంషెడ్‌పూర్ అనగానే మనకు ఉక్కు గుర్తుకు వస్తుంది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట ఒకప్పుడు సాక్చీ అనే చిన్న పల్లె ఉండేది. 1907లో స్థాపితమైన టాటా ఉక్కు సంస్థ అక్కడ కొలుములు నెలకొల్పింది. 1912లో మొదటి ఉక్కు దిమ్మ పోతపోశారు. 1919లో అప్పటి వైస్రాయి ఛెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశాడు. కాళీమాటి రైల్వే స్టేషను టాటానగర్ అయింది. కాని ఏ మహనీయుని పేరు ఆ ఊరికి పెట్టారో ఆ జంషెడ్‌జీ టాటా దానిని కంటితో చూడనేలేదు. 1904లోనే ఆయన జర్మనీలో తనువు చాలించారు. ఆయన చూడని ఊరే ఆయనకు సంతానమైంది.

ఆ కొలుముల పిలుపు మన ఉత్తరాంధ్రకు కూడా వినిపించింది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎందరో వెళ్ళి అక్కడ స్థిరపడ్డారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరంలో నిలబడితే, మన ఊరి రామకోవెలలో ఉన్నామా అనిపిస్తుంది. ఇళ్ళలో తెలుగు, బజారులో హిందీ, పొరుగువారితో బంగ్లా, ఊరి పొలిమేర దాటితే సంతాలీ, హో భాషలు వినిపిస్తాయి. అనువాదాలు చేసుకుని బ్రతికే నావంటివానికి అంతకంటె మంచి విడిది ఎక్కడ దొరుకుతుంది?

మా మేనమామగారు ఆ ఊళ్ళోనే ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఒక మాఘమాసంలో పది రోజులు వారింట ఉన్నాను. అప్పుడు నా చేతిలో ఒక ఆంగ్ల వ్యాసం ఉంది. కంబోడియాలోని అంకోర్ శిథిలాలను గురించి, వాటిలో ఎక్కువ భాగం కట్టించిన ఏడవ జయవర్మ అనే ఖ్మేర్ చక్రవర్తిని గురించి రాసిన వ్యాసం అది. ఉదయం పూట దానిని తెలుగు చేస్తూ కూర్చునేవాణ్ణి.

ఒకనాడు మామయ్య నా భుజం మీదుగా కాగితాలలోకి చూసి, "ఎక్కడో సముద్రాల అవతలి గుళ్ళమీద ఇంత శ్రమపడుతున్నావు గదా నాయనా! ఇక్కడికి ఒక పూట ప్రయాణంలో శిథిలమైన గుళ్ళున్నాయి. అక్కడా ఒక రాజున్నాడు. వస్తావా?" అన్నారు.

వెళ్ళాను. అందువల్ల బెనీసాగర్‌ను నేను అంకోర్ పక్కన పెట్టి చూడవలసి వచ్చింది. పాఠకులు కూడా అలాగే చూస్తే బాగుంటుంది గనుక, ముందుగా ఆ ఖ్మేర్ రాజు కథ నాలుగు మాటల్లో చెబుతాను.

ప్రజలు మరచిన చక్రవర్తి

ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఆన్రీ మూఓ 1860లో అంకోర్ చేరాడు. ఆ మహానిర్మాణాలను చూసి నివ్వెరపోయి, వీటిని ఎవరు కట్టారని అక్కడివారిని అడిగాడు. దేవేంద్రుడు కట్టాడని కొందరు, రాక్షసులు కట్టారని కొందరు, కుష్ఠురోగి అయిన ఒక రాజు కట్టాడని కొందరు, తమంతట తామే వెలిశాయని మరికొందరు చెప్పారట. ఆ జనం అంకోర్‌ను విడిచిపెట్టినవారేమీ కారు. అంకోర్ వాట్‌లో బౌద్ధ భిక్షువులు తరతరాలుగా పూజలు సాగిస్తూనే ఉన్నారు. గుడి మరుగున పడలేదు. కట్టినవారి పేర్లు మరుగున పడ్డాయి.

ఆ పేర్లను తిరిగి చెప్పినవి రాళ్ళు. అక్కడి శాసనాలు చాలావరకు సంస్కృతంలోను, ప్రాచీన ఖ్మేర్ భాషలోను ఉన్నాయి. ఫ్రెంచి పండితులు వాటిని ఒక్కొక్కటిగా చదువుతూ పోయేకొద్దీ ఏడవ జయవర్మ రూపం కట్టాడు. 1177లో చంపా రాజ్యం వారు దండెత్తి వచ్చి ఖ్మేర్ రాజధానిని కొల్లగొట్టారు. ఆ కల్లోలంలో నుంచి లేచి, శత్రువులను తరిమి, 1181లో ఆయన పట్టాభిషిక్తుడయ్యాడు. అప్పటికే వయసు మళ్ళినవాడు. అయినా పదమూడవ శతాబ్దపు తొలి సంవత్సరాల దాకా రాజ్యం చేశాడు. తల్లి పేర ఒక ఆలయం, తండ్రి పేర ఒక ఆలయం కట్టించాడు. తా ప్రోమ్ ఆలయంలోని 1186 నాటి శాసనం ఆయన రాజ్యంలో 102 ఆరోగ్యశాలలు ఉన్నాయంటున్నది. ప్రేఅ ఖాన్ ఆలయంలోని 1191 నాటి శాసనం బాటల వెంట 121 సత్రాలను లెక్కపెట్టింది. జయతటాకం అనే చెరువు తవ్వించాడు. పొడవు మూడున్నర కిలోమీటర్లు, వెడల్పు కిలోమీటరుకు కొంచెం తక్కువ. ఆయన రాణి ఇంద్రదేవి స్వయంగా సంస్కృతంలో శాసనకావ్యం రచించింది. కావ్యం, చెరువు, గుడి! మన లెక్కన ఆయనకు సంతానానికి కొదువలేదు.

అయినా నాలుగు వైపులా చిరునవ్వు ముఖాలున్న బయోన్ ఆలయం ఆయనదేనని తేలడానికి చాలా కాలం పట్టింది. మొదట పండితులు దానిని తొమ్మిదవ శతాబ్దానిదని భావించారు. 1927లో ఫిలిప్ స్టెర్న్ ఆ కాలనిర్ణయం చెల్లదని చూపాడు. 1928లో జార్జ్ సెదెస్ అది ఏడవ జయవర్మ కాలానిదేనని నిరూపించాడు. మూఓ వేసిన ప్రశ్నకు సరైన సమాధానం దొరకడానికి అరవై ఎనిమిదేళ్ళు పట్టిందన్నమాట. రాయి మాట్లాడుతుంది. కాని చదివేవాడు వచ్చేదాకా కాచుకుని కూర్చుంటుంది.

కొల్హాన్ బాట

జంషెడ్‌పూర్ నుంచి చాయిబాసా దాకా ఊళ్ళు, కర్మాగారాలు, లారీల రద్దీ మనలను వెంబడిస్తాయి. చాయిబాసా పశ్చిమ సింగ్‌భూమ్ జిల్లాకు ముఖ్యపట్టణం. అక్కడి నుంచి దక్షిణంగా మఝ్‌గావ్ వైపు తిరిగితే దేశం మారినట్లుంటుంది. ఎర్రమట్టి నేల, కోతలయిన వరిమడులు, సాలవృక్షాలు, ఇప్పచెట్లు, గోడలు నున్నగా అలికి రంగులు దిద్దిన మట్టి ఇళ్ళు. ఇది కొల్హాన్ సీమ, హో ప్రజల గడ్డ.

దారి పొడుగునా ఒక దృశ్యం నన్ను ఆపుతూ వచ్చింది. ఊరి మధ్య చింతచెట్ల నీడన పెద్ద పెద్ద రాతిపలకలు పరిచి ఉన్నాయి. వీటిని ససందిరి అంటారు. పితరుల అస్థికలను పాతిపెట్టి, పైన ఈ పలకలు కప్పుతారు. ఒక్కొక్క వంశానికి తనదైన చోటు ఉంటుంది. ఆ పలకలమీద ఒక్క అక్షరం లేదు. ఏ రాయి ఎవరిదో ఆ ఇంటివారికి తెలుసు. హో భాషకు వారాంగ్ క్షితి అనే లిపిని లాకో బోద్రా అనే ఆయన ఇరవయ్యవ శతాబ్దంలో రూపొందించారు. అంతకు ముందు ఈ జాతి జ్ఞాపకమంతా నోటిమీదనే నడిచింది. కథలో, పాటలో, పేరులో ఉన్నదే చరిత్ర.

పుస్తకాల మధ్య పెరిగినవారికి ఇటువంటి చోట కొంచెం తత్తరపాటు కలుగుతుంది. రాతలో లేనిది నమ్మవచ్చునా అన్న సందేహం మన చదువుతోపాటే వచ్చింది. బెనీసాగర్ ఆ సందేహాన్ని తీర్చదు. దానిని ఇంకొక వైపు నుంచి చూడమంటుంది.

చెరువు, గుళ్ళు, విగ్రహాలు

బెనీసాగర్‌కు బేణుసాగర్ అని కూడా పేరు. ఆ పేరు ఊరికంటె ముందు చెరువుది. సుమారు 340 మీటర్ల పొడవు, 300 మీటర్ల వెడల్పు గల ఆ తటాకం నాలుగు వైపులా ఎత్తయిన మట్టికట్టతో తీర్చినట్లుగా ఉంది. సాగర్ అన్న మాటకు నవ్వుకోనక్కరలేదు. మనం కూడా చెరువులకు సముద్రమనీ, సాగరమనీ పేర్లు పెట్టుకున్నవాళ్ళమే. నీటి కరవు ఎరిగిన జాతులకు నిండిన చెరువు సముద్రమంతటిది.

కట్టకు దాపున గుళ్ళ అవశేషాలున్నాయి. నడుమ పెద్ద గుడి, నాలుగు మూలలా చిన్న గుళ్ళు ఉండే పంచాయతన పద్ధతి పునాదులలో కనిపిస్తుంది. శిఖరాలు ఏనాడో కూలిపోయాయి. ఇటుక, రాయి మోకాలెత్తున మిగిలాయి. శివుని సన్నిధి ఇదని లింగాలు చెబుతున్నాయి. చేరదీసి ఉంచిన శిల్పాలలో సూర్యుడు, భైరవుడు, గణపతి, కుబేరుడు, అగ్ని, మహిషాసురమర్దిని ఉన్నారు. చేత దండం పట్టిన లకులీశుడున్నాడు. పాశుపత శైవానికి ఆచార్యుడాయన. పశ్చిమ తీరాన గుజరాత్‌లో పుట్టినట్లు సంప్రదాయం చెప్పే ఆ గురువు, ఈ తూర్పు అడవుల్లో రాతిలో కూర్చుని ఉన్నాడంటే, ఆ రోజుల్లో సన్యాసులు ఎంత దూరం నడిచేవారో తెలుస్తుంది.

ఈ చోటును గురించి లోకానికి చెప్పినవారిలో మొదటివాడు టికెల్. కొల్హాన్‌లో పనిచేసిన ఆ ఆంగ్ల సైనికాధికారి 1840లో ఇక్కడికి వచ్చాడు. హో ప్రజలను గురించి, వారి భాషను గురించి తొలిసారిగా విపులంగా రాసినవాడూ అతడే. ఆ తరువాత కన్నింగ్‌హామ్ సహాయకుడు బెగ్లర్ 1874, 1876 సంవత్సరాల మధ్య ఈ ప్రాంతాలు తిరిగి, ఇక్కడి శిల్పాలు ఏడవ శతాబ్దానివని అంచనా వేశాడు. ఇటీవలి కాలంలో భారత పురావస్తు సర్వేక్షణ వారు తవ్వకాలు జరిపారు. క్రీస్తు శకం అయిదవ శతాబ్దం నుంచి పదహారు, పదిహేడు శతాబ్దాల దాకా ఇక్కడ జనావాసం సాగినట్లు వాటివల్ల తేలింది. వెయ్యేళ్ళకు పైగా ఒక ఊరు ఇక్కడ వండుకుని తిన్నది, పూజ చేసుకున్నది, నీళ్ళు తోడుకున్నది.

రాయి చెప్పిన పేరు, నోరు చెప్పిన పేరు

ఇంత పెద్ద క్షేత్రంలో రాయి ఏ పేరు చెప్పింది? తవ్వకాలలో ఒక చిన్న లేఖనం దొరికింది. లిపిని బట్టి అది అయిదవ శతాబ్దానిదని నిర్ణయించారు. నాలుగు వేదాలు నేర్చిన ప్రియంగు అనే ఒకాయన పేరు అందులో ఉంది. ప్రియంగు అంటే మన కొర్రలు. ఒక చిరుధాన్యం పేరు పెట్టుకున్న చతుర్వేది! ఆయన ఎవరి కొడుకో, ఎక్కడివాడో, ఏం రాశాడో ఎవరికీ తెలియదు. ఊళ్ళో ఆయన పేరు చెప్పేవారు లేరు. పదిహేను వందల ఏళ్ళు మట్టిలో నిద్రపోయి, రాయి ఆ పేరును బయట పెట్టింది.

మరి రాజు? ఏ రాయిమీదా లేడు.

మేము వెళ్ళినప్పుడు కట్టమీద ఒక హో వృద్ధుడు పశువులు కాస్తూ కూర్చున్నాడు. మామయ్య "జోహార్ దాదా!" అని పలకరించి హిందీలో మాట కలిపారు. ఈ చెరువు ఎవరిదని అడిగితే ఆయన క్షణం ఆలోచించలేదు.

"బేణురాజుది. కేస్నారాజు కొడుకు. కేస్నాగఢ్ వాళ్ళది."

"ఎంత కాలమయింది తాతా?"

"మా తాతల తాతలకు ముందుమాట."

"ఆ రాజు ఇంకేం చేశాడు?"

ఆయన నావైపు వింతగా చూశాడు. "చెరువు తవ్వించాడు బాబూ. చాలదా?"

బేణు అనగానే తెలుగువారికి వేనుడు గుర్తుకు వస్తాడు. భాగవతంలోని వేనుడు దుష్టుడై, ఋషుల ఆగ్రహానికి గురియై నశించినవాడు. పృథు చక్రవర్తికి తండ్రి. కాని ఆ వేనుని తండ్రి అంగరాజు. ఇక్కడి బేణుని తండ్రి కేస్నా. పేర్లు కలిశాయని మనుషులను కలపకూడదు. ఇక పొరుగున ఒడిశాలోని ఖిచింగ్‌ను రాజధానిగా చేసుకున్న భంజరాజులలో బేణు ఉన్నాడేమోనని చూద్దామా? వారు ఇచ్చిన తామ్రశాసనాలు బామన్‌ఘాటిలో దొరికాయి. నెమలి గుడ్డులో నుంచి పుట్టి, వసిష్ఠుని పెంపకంలో పెరిగిన వీరభద్రుడు తమ మూలపురుషుడని వారు చెప్పుకున్నారు. కోట్టభంజుడు, దిగ్భంజుడు, రణభంజుడు అని పేర్లు వరుసగా వస్తాయి. బేణు లేడు.

అంటే బేణురాజుకు రాగిరేకు లేదు, శిలాశాసనం లేదు, నాణెం లేదు, కావ్యం లేదు. చరిత్ర పుస్తకం అతనిని లోపలికి రానివ్వదు. అతనికి ఉన్న సాక్షి ఒక్క చెరువు. ఆ చెరువు తరఫున మాట్లాడేది గొంతులు మాత్రమే.

అంకోర్‌తో పోల్చి చూడండి. అక్కడ ప్రజలు రాజును మరచిపోయారు, రాళ్ళు గుర్తుపెట్టుకున్నాయి. ఇక్కడ రాళ్ళకు రాజు తెలియదు, ప్రజలు గుర్తుపెట్టుకున్నారు. జయవర్మ తటాకం పేరు శాసనంలో ఉంది. బేణుని తటాకం పేరు నాలుకమీద ఉంది.

మన ఊళ్ళలోనూ

ఈ రెండు రకాల జ్ఞాపకమూ మనకు కొత్త కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువును 1369లో విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించాడు. అక్కడి శాసనం ఒక ఇంజనీరు చేతి పుస్తకంలా ఉంటుంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు లక్షణాలు, దానికి రాకూడని ఆరు దోషాలు చెబుతుంది. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ళు పనిచేశాయని లెక్క తేల్చింది. అటువంటి శాసనం ఉన్నచోట ఎవరినీ అడగనక్కరలేదు.

పాలంపేట రామప్ప గుడి సంగతి వేరు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు దానిని 1213లో ప్రతిష్ఠించినట్లు అక్కడి శాసనం చెబుతున్నది. అప్పటికి జయవర్మ అంకోర్‌లో రాజ్యం చేస్తున్నాడో, అప్పుడే కన్నుమూశాడో అన్నంత దగ్గరి కాలమది. కాని జనం ఆ గుడిని రుద్రుని పేర పిలవలేదు. శిల్పి పేరు రామప్ప అన్నారు. గుడి రామప్ప గుడి అయింది, చెరువు రామప్ప చెరువు అయింది. 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు వచ్చినప్పుడు కూడా ప్రపంచం పలికినది ఆ పేరే. డబ్బు పెట్టినవానిని రాయి చెప్పింది. చేయి పెట్టినవానిని నోరు చెప్పింది. రెండూ కలిస్తేనే ఆ గుడి కథ పూర్తి అవుతుంది.

బెనీసాగర్‌లోనూ అంతే. ప్రియంగు లేకపోతే అయిదవ శతాబ్దంలోనే ఇక్కడ వేదం చదివినవారున్నారని మనకు తెలియదు. బేణు లేకపోతే ఆ నీటిని అక్కడ నిలిపిన మనిషికి పేరే ఉండదు. రాయి కాలం చెప్పగలదు, నోరు చెప్పలేదు. ఎవరికి కృతజ్ఞులమై ఉండాలో నోరు చెప్పగలదు, రాయి తరచుగా చెప్పదు.

ఒక మాట, రెండు దేశాలు

ప్రయాణంలో నాకు దొరికిన మరో సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ వృద్ధుడు పశువులను నీళ్ళకు తోలుతూ 'దా' అన్నాడు. మాట చివర గొంతులో ఠక్కున తెగినట్లు పలికాడు. హో భాషలో దానికి నీరు అని అర్థం. సంతాలీలోనూ దాదాపు ఇదే మాట. ప్రాచీన ఖ్మేర్ శాసనాలలో నీటికి 'దిక్' అని ఉంది. నేటి కంబోడియాలో అది 'తిక్' అయింది. ఇది యాదృచ్ఛికం కాదు. హో, ముండారీ, సంతాలీ భాషలు, ఖ్మేర్ భాష ఆస్ట్రోఏషియాటిక్ అనే ఒకే మహాకుటుంబానికి చెందినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ధారించారు. నీటి పేరు ఆ కుటుంబం విడిపోకముందు నాటిది. ఖ్మేర్ భాషలో స్వదేశాన్ని చెప్పడానికి నీరు, నేల అన్న రెండు మాటలు జతచేస్తారు. నీరున్న నేలే దేశమన్నమాట.

అంకోర్ చక్రవర్తి గుళ్ళకు పెట్టిన పేర్లలో ఎన్నో సంస్కృతంలో నుంచి వచ్చాయి. బెనీసాగర్ గుళ్ళలోని దేవతలూ ఆ సంస్కృత లోకం వారే. కాని రెండు చోట్లా చెరువు గట్టున నిలబడి దాహానికి మనిషి పలికిన మాట మాత్రం అంతకంటె పాతది. దానిని ఏ రాజూ చెక్కించలేదు. తల్లి నోట విని బిడ్డ నేర్చుకున్నాడు, అంతే. ఇన్ని వేల ఏళ్ళు, ఇన్ని వేల మైళ్ళు ఒక మాట నోటినుంచి నోటికి నడిచి రాగలిగినప్పుడు, బేణు అన్న ఒక పేరు కొన్ని వందల ఏళ్ళు నడిచి వచ్చిందంటే నమ్మడానికి నాకు అభ్యంతరం కనిపించలేదు. అతని కాలం, అతని రాజ్యం నాకు తెలియవు. అతని చెరువులో నీళ్ళు ఉన్నాయి.

చదువరులకు ఒక మనవి

బెనీసాగర్ చూడదలచినవారు చలికాలంలో వెళ్ళడం మంచిది. ఉదయం పూట బయలుదేరి, తినడానికి ఏదైనా వెంట తీసుకుని వెళ్ళాలి. శిథిలాలు పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్నాయి. అక్కడి నుంచి సరిహద్దు దాటి ఖిచింగ్‌లోని కీచకేశ్వరి ఆలయం కూడా చూసుకుని రావచ్చును. బెనీసాగర్‌లో శిఖరం లేని గుడిని చూసిన కంటికి, ఇరవయ్యవ శతాబ్దంలో పాత రాళ్ళతో తిరిగి నిలబెట్టిన ఆ గుడి ఒక ఊరట.

గుళ్ళ సంరక్షణకు చట్టాలున్నాయి. పేరు సంరక్షణకు చట్టం లేదు. ఏదో ఒక తరంలో కట్టమీద కూర్చునే ముసలివారు లేకపోయినా, ఉన్నవారిని ఎవరూ అడగకపోయినా, బేణురాజు ఆనాటితో నిజంగా మరణిస్తాడు. తరువాత ఎంత తవ్వినా దొరకడు, ఎందుకంటే అతని పేరు మట్టిలో లేదు. శాసనమున్న జయవర్మ ఆరువందల ఏళ్ళు మరుగున పడి కూడా తిరిగి వచ్చాడు. బేణుకు ఆ అవకాశం లేదు.

మన ఊళ్ళలో ఇటువంటి బేణులు ఎందరో ఉన్నారు. పెద్దచెరువు, కొత్తచెరువు అని మనం అలవాటుగా పిలిచే వాటికి వెనుక ఒక రెడ్డి, ఒక నాయకురాలు, ఒక దేవదాసి, ఒక వడ్డెర మేస్త్రీ ఉండి ఉండవచ్చును. చెరువులు పూడిపోయి ఇళ్ళస్థలాలవుతున్న ఈ రోజుల్లో నీటితోపాటు ఆ పేర్లు కూడా ఇంకిపోతున్నాయి. ఈసారి పండుగకు ఊరు వెళ్ళినప్పుడు, ఇంట్లో అందరికంటె పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకుని, మన చెరువు ఎవరు తవ్వించారని అడగండి. వారు చెప్పినది నిజమా, కట్టుకథా అన్న విచారణ తరువాత చేయవచ్చును. ముందు ఒక నోటుపుస్తకంలో వారి మాటలలోనే రాసిపెట్టండి. కింద తేదీ వేయండి.